తమ్ముడు అగ్నివీర్‌కి సెలెక్ట్ అయ్యాడు, ఎడమచేతి వాటం. రైఫిల్ ట్రైనింగ్ ఎట్టా ఉంటుంది?

సంగం_బ్యారేజీ (నెల్లూరు జిల్లా) · శనివారం రాత్రి 8.40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు అగ్నివీర్ జనరల్ డ్యూటీకి సెలెక్ట్ అయ్యాడు. ఆన్‌లైన్ పరీక్ష, ర్యాలీ, మెడికల్ అన్నీ దాటేశాడు. అమ్మ తప్ప ఇంట్లో అందరం సంతోషంగానే ఉన్నాం. పరుగంటే వాడికి భయం లేదు, 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపే కొట్టాడు. టెన్షన్ అంతా తుపాకీ గురించే. ఎన్‌సీసీ చేయలేదు, జన్మలో రైఫిల్ ముట్టుకోలేదు. పైగా ఎడమచేతి వాటం.

మా మేనమామేమో ఎయిర్‌గన్ కొనిచ్చి తోటలో ప్రాక్టీస్ చేయించమంటాడు. నెల్లూరులో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు 'వెపన్ ట్రైనింగ్' అని రెండు వారాలకు ఎనిమిది వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? ఎడమచేతి వాళ్లను ఆడ ఏం చేస్తారు? ఆరు నెలల్లో మామూలు పిల్లోడికి నిజంగా కాల్చడం వచ్చేస్తుందా? ఆర్మీలో చేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


చీమకుర్తి_గ్రానైట్ · శనివారం రాత్రి 9.05

ఎనిమిది వేలా! రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర బెలూన్ల స్టాల్లో ఇరవై రూపాయలిస్తే కాల్చనిస్తాడు బ్రదర్. మిగతా ఏడువేల తొమ్మిదొందల ఎనభైతో మాకు పార్టీ ఇవ్వండి.

జోకులు పక్కనబెడితే, కంగ్రాట్స్. కొమరోలు హవల్దార్ గారు ఈ ఫోరంలోనే ఉన్నారు, తెల్లారేసరికి చూస్తారు. ఆయన నిద్రలేచే టైమ్ ఇప్పటికీ మిలిటరీ టైమే.


మోడరేటర్ · శనివారం రాత్రి 10.20

అభినందనలు. ఒక్క మాట ముందే చెబుతున్నాను. తమ్ముడు ఏ సెంటర్‌కు, ఏ తేదీన, ఏ బండిలో వెళ్తున్నాడో ఇక్కడ రాయొద్దు. సర్వీసులో ఉన్నవాళ్లు మీ యూనిట్ గురించి రాయొద్దు. కోచింగ్ సెంటర్ల పేర్లూ వద్దు.


కొమరోలు_హవల్దార్ (గిద్దలూరు దగ్గర) · ఆదివారం ఉదయం 5.50

అబ్బాయ్, ముందు మీ తమ్ముడికి నా ఆశీస్సులు. నేను ఇన్‌ఫాంట్రీలో చేసి రిటైరయ్యాను. మధ్యలో కొన్నాళ్లు ట్రైనింగ్ సెంటర్లో రంగరూట్లకు, అంటే కొత్తగా చేరినవాళ్లకు, వెపన్ క్లాసులు చెప్పాను. అక్కడ నేర్పేవాళ్లను ఉస్తాద్ అంటారు.

డబ్బు కట్టొద్దు. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

వెళ్లిన వారానికే చేతికి రైఫిలిచ్చి కాల్చమంటారని అందరూ అనుకుంటారు. రైఫిల్ చేతికొస్తుంది గానీ రౌండు (తూటా) రాదు. చాలా రోజులు ఖాళీ రైఫిల్‌తోనే పని. పీటీ, డ్రిల్లు అయ్యాక వెపన్ పీరియడ్ ఉంటుంది. చెట్టు కింద అర్ధచంద్రాకారంలో కూర్చోబెడతారు, మధ్యలో పరిచిన గ్రౌండ్‌షీట్ మీద రైఫిల్. మొదటి పాఠం, చేతిలోకి తీసుకోగానే అది ఖాళీగా ఉందా లేదా చూడటం. మ్యాగజైన్ తీయాలి, కాకింగ్ హ్యాండిల్ లాగాలి, చాంబర్లోకి కళ్లతో చూడాలి. పక్కవాడు ఇప్పుడే చూసి ఇచ్చినా మళ్లీ చూడాలి, ఉస్తాదే ఇచ్చినా చూడాలి. మర్చిపోతే రైఫిల్ రెండు చేతులతో తలపైన ఎత్తి పట్టుకుని గ్రౌండ్ చుట్టూ పరుగు. దాన్ని రగడా అంటారు, మీవాడికి త్వరలోనే బాగా పరిచయమవుతుంది.

తర్వాత ఖోల్‌నా జోడ్‌నా. విప్పడం, బిగించడం. ఇన్సాస్ (మన ఆర్మీ రైఫిల్) అయితే మ్యాగజైన్, పైమూత, రీకాయిల్ స్ప్రింగు, బోల్టు, గ్యాస్ పిస్టన్ ఒక వరసలో తీసి, అదే వరసలో పేర్చి, చివర తీసినదాన్ని ముందు పెడుతూ బిగించుకుంటూ రావాలి. చేయి తిరిగాక కళ్లకు గంతలు కట్టి చేయిస్తాం. రాత్రి పోస్టులో రైఫిల్ మొరాయిస్తే టార్చి వేసుకుని చూసుకునే వీలుండదు, అందుకు.

ఆ పైన పొజిషన్లు. పడుకుని కాల్చడం ముందు నేర్పుతారు, ఒళ్లంతా నేల మీద ఉంటుంది కాబట్టి ఊగదు. మోచేతులు ఆనీ ఆనీ తోలు లేచిపోతుంది. ఇన్సాస్ ఖాళీగానే నాలుగు కిలోల పైచిలుకు, దాన్ని భుజానికి ఆనించి పీరియడ్ అంతా గురిపెట్టి ఉండాలి. బ్యారెల్ చివర రూపాయి బిళ్ల పెట్టి ట్రిగ్గర్ నొక్కమంటాం. బిళ్ల పడిందంటే వేలు గుంజిందన్నమాట. నిమ్మకాయ పిండినట్టు నిదానంగా నొక్కాలి. రౌండు ఏ క్షణాన పేలుతుందో కాల్చేవాడికే తెలియకూడదు. తెలిసిందంటే ముందే భుజం బిగుస్తుంది, కన్ను మూసుకుంటుంది, రౌండు ఎటో పోతుంది. గట్టి పట్టు, సరైన గురి, కుదుపు లేని ట్రిగ్గర్. ఈ మూడూ హిందీలో నిద్రలో అడిగినా చెప్పేలా తయారుచేస్తారు.

ఇదంతా అయ్యాకే రేంజి. మొదట గ్రూపింగ్‌కి అయిదు రౌండ్లిస్తారు. టార్గెట్ నడిమధ్యన తగిలిందా లేదా అన్నది ఉస్తాద్‌కి ముఖ్యం కాదు, అయిదూ ఒక్కచోట పడ్డాయా అని చూస్తాడు. అయిదూ కింద ఎడమ మూలన అరచేయంత జాగాలో పడితే పిల్లోడు బాగా కాల్చినట్టే. సైట్ సరిచేస్తే ఆ గుంపు మధ్యకొస్తుంది, దాన్ని జీరోయింగ్ అంటారు. ఒకటి నడిమధ్యన, నాలుగు నాలుగు దిక్కులా పడితే ఆ ఒక్కదానికి విలువ లేదు. పిల్లలు మాత్రం దాన్నే చూసుకుని మురిసిపోతారు.

ఇప్పుడు నీ ఎయిర్‌గన్ సంగతి. ఏమీ రానివాడికి నేర్పడం సులువు. ఎయిర్‌గన్‌తో పిట్టల మీద కాల్చి వచ్చినవాడితోనే మాకు తలనొప్పి. వాడు మెడ వంచే తీరు, వేలు గుంజే తీరు మాన్పించడానికే సగం కోర్సు పోతుంది. పిట్టల్ని కొడితే ఫారెస్టు వాళ్ల కేసు కూడా ఉంటుంది, మీ మేనమామకు చెప్పు.


కావలి_క్యాడెట్ · ఆదివారం ఉదయం 8.30

హవల్దార్ గారూ, సూపర్‌గా రాశారు. నేను ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ చేశాను. మా క్యాంపుల్లో .22 రైఫిల్‌తో 25 గజాల రేంజి. బోల్టు లాగి ఒక్కో రౌండు పెట్టి కాల్చాలి. దెబ్బ అసలు తెలియదు, చప్పుడు కూడా చిన్నదే. అయినా మొదటిసారి చెంప దూరం పెట్టేశాను, పక్కనున్న పీఐ స్టాఫ్ (మాకు నేర్పే ఆర్మీవాళ్లు) తల మీద నెమ్మదిగా తట్టి ఆనించారు.

సంగం అన్నా, ఎన్‌సీసీ ఉంటే సెలెక్షన్లో బోనస్ మార్కులు వస్తాయి తప్ప, సెంటర్‌కి వెళ్లాక మాకూ మీ తమ్ముడికీ పాఠం మొదటి నుంచే. మా సీనియర్ ఒకతను అదే చెప్పాడు.

నాకో డౌట్. అమ్మాయిలకు మిలిటరీ పోలీసులో అగ్నివీర్ ఉంది కదా. వాళ్లకూ ఇదే వెపన్ సిలబసా, తగ్గించి చెబుతారా?


సంగం_బ్యారేజీ · ఆదివారం ఉదయం 9.10

హవల్దార్ బాబాయ్, దండాలు. మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించా. మా మేనమామ కాస్త అలిగాడు. ఎడమచేతి సంగతి మాత్రం తేలలేదు. వాడు రాసేదీ, క్రికెట్ ఆడేదీ, రాళ్లేసేదీ అన్నీ ఎడమచేత్తోనే.


ఒంగోలు_ఆర్డినెన్స్ · ఆదివారం ఉదయం 11.00

నేను ఆర్డినెన్స్ కోర్, సికింద్రాబాద్ సెంటర్లో ట్రైనింగ్. నాదీ ఎడమచేతి వాటమే కాబట్టి నేను చెబుతా.

చేయి కంటే కన్ను ముఖ్యం. మీ తమ్ముణ్ణి ఆరుబయట నిలబెట్టండి. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న కంత వచ్చేలా పెట్టి, దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది బల్బును రెండు కళ్లతోనూ ఆ కంతలోంచి చూడమనండి. తర్వాత ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు బల్బు కంతలోనే కనబడుతుందో అది బలమైన కన్ను. ఎడమచేతి వాళ్లందరికీ ఎడమ కన్నే బలంగా ఉండాలని లేదు. నాకు కుడి కన్ను. అందుకే కుడి భుజం నుంచి కాల్చడానికి నేను పెద్దగా కష్టపడలేదు.

మామూలుగా అందరికీ కుడి భుజం నుంచే నేర్పుతారు. ఇన్సాస్ గానీ ఏకే గానీ ఖోఖాను, అంటే పేలిన రౌండు ఖాళీ గొట్టాన్ని, కుడివైపుకు విసురుతుంది. ఎడమ భుజానికి ఆనిస్తే అది ముఖం ముందు నుంచే పోతుంది, వేడిగా ఉంటుంది. పక్కపక్కన పడుకున్న లైన్లో ఒక్కడు తిరగేసి ఉంటే ఉస్తాద్‌కి చూసుకోవడమూ కష్టం. ఎడమ కన్ను బాగా బలంగా ఉండి కుడితో గురి కుదరకపోతే మొదటి రోజే ఉస్తాద్‌కి చెప్పమనండి. దాచిపెట్టి తిప్పలు పడొద్దు.

ఇంకో సంగతి. హవల్దార్ గారు కాల్చడం గురించి రాశారు, నేను కాల్చాక ఏముంటుందో చెబుతా. ఇచ్చిన రౌండ్లకూ ఖోఖాలకూ లెక్క సరిపోవాలి. ఒక్క ఖోఖా తగ్గినా అందరూ వరసగా వంగి గడ్డిలో చేతులతో వెతకాల్సిందే. లారీ ఆగిపోతుంది, లంగర్లో (వంటశాలలో) అన్నం చల్లారిపోతుంది, ఎవడి ఖోఖా పోయిందో వాణ్ణి అందరూ మనసులో తిట్టుకుంటారు. దొరికాక ఒక్కొక్కరూ ముందుకొచ్చి 'నా దగ్గర రౌండు గానీ ఖోఖా గానీ లేదు సాబ్' అని గట్టిగా చెప్పాలి. ఇదేదో పిసినారితనం అనుకుంటారు కుర్రాళ్లు. ఒక్క పేలని రౌండు జేబులో ఉండిపోయి బ్యారక్‌కి వెళ్తే ఏమవుతుందో ఆలోచిస్తే తెలుస్తుంది.

తర్వాత శుభ్రం చేయడం. పుల్‌త్రూకి (తుడిచే తాడుకి) చింది, అంటే గుడ్డముక్క, కట్టి బ్యారెల్లో లాగుతూనే ఉండాలి. కాల్చిన రోజు ఒక్కటే కాదు, తర్వాత కొన్ని రోజుల పాటు మసి కారుతూనే ఉంటుంది. మన కొత్తపట్నం సముద్రపు గాలికి గేటు కొక్కేలు ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు చెప్పక్కర్లేదు. రైఫిలూ ఇనుమే.

కావలి అమ్మాయికి: మిలిటరీ పోలీసులో మొదటి బ్యాచ్ 83 మంది 2021 మేలో బెంగళూరు సెంటర్ నుంచి పాసయ్యారు. వాళ్లకూ ఫైరింగ్ ఉంది, తుపాకీకి మనిషి ఎవరన్నది తెలియదు కదా. అప్లై చెయ్యి తల్లీ.


దర్శి_రైతుబిడ్డ · ఆదివారం మధ్యాహ్నం 2.15

అందరూ మంచి మంచి మాటలు చెబుతున్నారు గానీ అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఆరు నెలలు సరిపోతుందా? 2022 జూన్‌లో అగ్నివీర్లను తీసుకునే ఈ అగ్నిపథ్ పథకం పెట్టకముందు ఇన్‌ఫాంట్రీ కుర్రాడు ఇంతకంటే ఎక్కువ కాలం ట్రైనింగ్‌లో ఉండేవాడు. ఇప్పుడు ఆరు నెలల్లో ముగించి యూనిట్‌కి పంపిస్తున్నారు. నాలుగేళ్ల తర్వాత నూటికి పాతిక మందినే ఉంచుతారు. నేర్చుకునేలోపే ఇంటికి పంపే పద్ధతికి ఇంత సంబరం ఎందుకో నాకు అర్థం కావట్లేదు. మా పక్కింటి అబ్బాయి కూడా వెళ్లాడు కాబట్టి అడుగుతున్నా, ఎవర్నీ తక్కువ చేయాలని కాదు.


ఉదయగిరి_షూటర్ · ఆదివారం మధ్యాహ్నం 2.50

ట్రైనింగ్ కాలం కాదన్నా, ఆయుధం ముఖ్యం. ఇన్సాస్ వేస్ట్. కార్గిల్లో 1999లో చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. ఇప్పుడు సిగ్ 716 రైఫిల్ వచ్చింది, 2019లో 72,400కి ఒప్పందం, 2024లో మళ్లీ 73,000. ఏకే-203 అయితే అమేథీ దగ్గర కోర్వాలో మనమే తయారుచేస్తున్నాం, ఆరు లక్షలకు పైగా ఆర్డర్, 2021 డిసెంబర్లో సంతకాలయ్యాయి. రెండూ 7.62. ఒక్క గుండు తగిలితే చాలు. ఇన్సాస్ 5.56 మరీ చిన్నది.


కొమరోలు_హవల్దార్ · ఆదివారం సాయంత్రం 6.30

ఉదయగిరి తమ్ముడూ, సిగ్‌దీ ఏకేదీ రెండూ 7.62 అన్నంత మాత్రాన ఒకటే రౌండు కాదు. సిగ్‌ది 51 మిల్లీమీటర్ల పొడవు, ఏకేది 39. ఒకదాని మ్యాగజైన్‌లోది ఇంకోదాంట్లో పట్టదు. సిగ్ దూరం బాగా పోతుంది, దెబ్బ కూడా భుజానికి గట్టిగానే తగులుతుంది. ఏకే దగ్గరి పనికి, మట్టిలో పడినా నీళ్లలో పడినా పనిచేస్తుంది. ఇన్సాస్ మీద ఫిర్యాదులున్నాయి, అబద్ధం కాదు. కానీ రంగరూట్‌కి నేర్పడానికి దానికంటే నెమ్మదైన రైఫిల్ నేను చూడలేదు. దెబ్బ తక్కువ కాబట్టి కుర్రాడు కన్ను మూయడు. దాని మీద చేయి కుదిరినవాడికి మిగతావి రోజుల్లో వచ్చేస్తాయి.

దర్శి అన్నా, మీ ప్రశ్న న్యాయమైనదే. నాకు తెలిసింది చెబుతా. ఆరు నెలల్లో రైఫిల్ పట్టుకోవడం, గురి, విప్పడం బిగించడం, 300 మీటర్ల దాకా నిలకడగా కాల్చడం వస్తాయి. అందులో నాకు అనుమానం లేదు. సమయం తగ్గితే దెబ్బ పడేది ఇంకోచోట. పదిమంది సెక్షన్‌లో సగంమంది కాలుస్తుంటే మిగతా సగం ముందుకు పాకడం, నేల వాలు చూసి ఆడు (చాటు) చూసుకోవడం, చీకట్లో దూరం అంచనా కట్టడం, ఎల్ఎంజీ (లైట్ మెషిన్‌గన్) వాడికీ రైఫిల్ వాడికీ మధ్య మాట కలవడం. ఇవి గ్రౌండ్లో పదేపదే చేస్తే తప్ప రావు. ఇప్పుడు ఈ పనంతా యూనిట్ మీద పడింది. మంచి యూనిట్, ఓపికున్న సెక్షన్ కమాండర్ దొరికితే ఆ లోటు పూడుతుంది. దొరక్కపోతే కష్టమే.

అగ్నివీర్ అంటే అరకొర సైనికుడు అనే మాట మాత్రం ఎవరూ అనొద్దు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో ప్రాణం ఇచ్చిన శ్రీసత్యసాయి జిల్లా మురళీ నాయక్ అగ్నివీరుడే.


ఒంగోలు_ఆర్డినెన్స్ · ఆదివారం రాత్రి 7.45

హవల్దార్ గారితో సగం ఏకీభవిస్తాను. ఇన్‌ఫాంట్రీలో యూనిట్ నేర్పుతుంది, సరే. మాలాంటి వాళ్ల సంగతేంటి? స్టోర్‌కీపర్, డ్రైవర్, వంటవాడు, మంగలి, ఎవరైనా సెంటర్లో రైఫిల్ నేర్చుకోవాల్సిందే. ఆ తర్వాత ఏడాదికి మాకు దొరికే రేంజి రోజులు కొన్నే. మిగతా ఏడాదంతా రైఫిల్ అంటే కోత్‌లో (ఆయుధాల గదిలో) సంతకం పెట్టి తీసుకోవడం, సంత్రీ డ్యూటీ చేయడం, తుడిచి అప్పగించడం. సెంటర్లో గట్టిగా పడిన పునాదే మాకు సర్వీసంతా దిక్కు. దాన్ని కుదిస్తే మాకే ఎక్కువ నష్టం.

రౌండ్లు ఖర్చని లెక్క చూస్తారు, నిజమే. నాకైతే ఏడాదికి ఇంకో నాలుగుసార్లు రేంజికి తీసుకెళ్తే బాగుండేదనిపించేది.


చీమకుర్తి_గ్రానైట్ · ఆదివారం రాత్రి 8.00

రౌండ్లు ఖర్చయితే వీడియో గేమ్ లాంటివి పెట్టొచ్చు కదా? హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ అనే కంపెనీ ఆర్మీకీ పోలీసులకూ ఫైరింగ్ సిమ్యులేటర్లు చేస్తుందని విన్నా. షేర్ కొన్నా కాబట్టి తెలుసులెండి.


కొమరోలు_హవల్దార్ · ఆదివారం రాత్రి 8.40

ఉన్నాయి బాబూ. గదిలో తెర మీద టార్గెట్ వస్తుంది, రైఫిల్ అదే బరువుంటుంది, కాల్చాక బ్యారెల్ ఎటు కదిలిందో గీత గీసి చూపిస్తుంది. ట్రిగ్గర్ గుంజేవాడి రోగం అందులో ఇట్టే పట్టుకోవచ్చు. అది మంచిదే. అందులో లేనిదల్లా భయం. పక్కవాడి రైఫిల్ చెవి పక్కనే పేలినప్పుడు ఉలిక్కిపడకుండా తన టార్గెట్ తను చూసుకోవడం గదిలో రాదు.

ఇంకోటి కూడా గదిలో రాదు, అది బట్ డ్యూటీ. బట్ అంటే టార్గెట్ల కింద తవ్విన గొయ్యి, ముందు పెద్ద మట్టికట్ట. సగంమంది కాలుస్తుంటే మిగతా సగం ఆ గోతిలో కూర్చుని టార్గెట్లు పైకి లేపడం, దించడం, చిల్లులు అతికించడం, ఎక్కడ తగిలిందో కర్రకున్న బిళ్లతో చూపించడం చేస్తారు. ఒక్కటీ తగలకపోతే జెండా ఊపుతారు. దాన్ని వాషవుట్ అంటారు, కాల్చినవాడికి ఆ రోజు మెస్‌లో తలెత్తుకునే పని ఉండదు.

ఆ గోతిలో కూర్చుంటే నెత్తి మీదుగా రౌండ్లు పోతుంటాయి. ఇన్సాస్ రౌండు సెకనుకు 900 మీటర్ల దరిదాపు వేగంతో బయల్దేరుతుంది. శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది. 300 మీటర్ల దూరం నుంచి కాలిస్తే ముందు నెత్తి మీద టప్‌మని పగిలినట్టు చప్పుడు, అర సెకను తర్వాత దూరంగా ధబ్‌మని రైఫిల్ మోత. మొదటి చప్పుడును బట్టి వెతికితే కాల్చినవాణ్ణి తప్పు దిక్కులో వెతుకుతావు. వాడుండేది రెండో చప్పుడు వచ్చిన వైపు. రెండింటి మధ్య ఎడాన్ని బట్టి ఎంత దూరంలో ఉన్నాడో కూడా చెప్పొచ్చు. కాశ్మీరులో కొండల మధ్య ఈ ఒక్క పాఠం ఎంత పనికొస్తుందో అక్కడ చేసినవాళ్లకు తెలుసు. బట్ డ్యూటీని శిక్ష అనుకుని ముఖం మాడ్చుకోవద్దని మీ తమ్ముడికి చెప్పు. చెవులు రిక్కించి వినమను.


మార్కాపురం_మనవడు · ఆదివారం రాత్రి 9.30

మా తాతయ్య 1971 యుద్ధంలో చేశారు. ఇదంతా చదివి వినిపిస్తుంటే ఆయన చెప్పింది టైప్ చేస్తున్నా.

'మేం చేరినప్పుడు పాత ఉస్తాదులు .303 రైఫిల్ కథలు చెప్పేవాళ్లు. పది రౌండ్ల మ్యాగజైన్, ఒక్కోసారీ బోల్టు లాగాలి. 1962లో చైనా యుద్ధానికి మనవాళ్లు అదే పట్టుకెళ్లారు. ఆ తర్వాత ఎస్ఎల్ఆర్ అనే రైఫిల్ వచ్చింది, ఇరవై రౌండ్లు, బోల్టు లాగక్కర్లేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు. కానీ భుజం వాచిపోయేది. సరిగ్గా ఆనించకపోతే దవడ కూడా. టవల్ మడిచి చొక్కా లోపల పెట్టుకుంటే ఉస్తాద్ పట్టుకుని తీయించేవాడు. చెవుల్లో దూదే గతి. దూది పెట్టుకుంటే మగాడు కాదన్నట్టు చూసేవాళ్లు కొందరు. ఇప్పుడు నాకు కుడివైపు నిలబడి మాట్లాడితేనే వినబడుతుంది, ఎడమ చెవిలో రాత్రంతా కీచుమంటూ ఉంటుంది. పిల్లోడికి చెప్పండి, ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు పెట్టుకోమని. ఎవడు నవ్వినా సరే.'

కుడి భుజం నుంచి కాలిస్తే ఎడమ చెవే బ్యారెల్ వైపు తిరిగి ఉంటుంది, అందుకే ముందు అదే పోతుందట. తాతయ్యకు నిద్రొస్తోంది, మిగతాది రేపు.


డిఫెన్స్_ఆస్పిరెంట్ · సోమవారం ఉదయం 10.15

నేను ఒక డిఫెన్స్ అకాడమీలో పనిచేస్తాను. అందరూ కోచింగ్ సెంటర్లను దొంగలన్నట్టు మాట్లాడుతున్నారు. మేం .177 ఎయిర్ రైఫిల్ వాడతాం, ఆ సైజులో తక్కువ శక్తి ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు, చట్ట విరుద్ధం ఏమీ కాదు. పిల్లలకు కాన్ఫిడెన్స్ వస్తుంది. గురి అనేది ఎక్కడ నేర్చుకున్నా గురే. ఒలింపిక్స్‌కి వెళ్లిన రైఫిల్ షూటర్లు చాలామంది ఎయిర్ రైఫిల్‌తోనే మొదలుపెడతారు.


కొమరోలు_హవల్దార్ · సోమవారం మధ్యాహ్నం 1.20

మంచి కోచ్ దగ్గర, మంచి రేంజిలో ఏళ్ల తరబడి నేర్చుకుంటే ఒప్పుకుంటాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పిస్టల్‌తో వెండి పతకం తెచ్చిన విజయ్ కుమార్ అప్పుడు ఆర్మీలో సుబేదారే. మధ్యప్రదేశ్ మౌలోని మా ఆర్మీ మార్క్స్‌మన్‌షిప్ యూనిట్ ఆయన్ని తయారుచేసింది. అది ఆట. దాని పద్ధతి వేరు, కాలం వేరు.

రెండు వారాల్లో ఎనిమిది వేలకు మీరిచ్చేది ఆటా కాదు, ఆర్మీ ట్రైనింగూ కాదు. సెలెక్షన్లో ఫైరింగ్ పరీక్ష లేదు. సెలెక్ట్ అయిపోయినవాడి దగ్గర, వాడికి ప్రభుత్వం ఉచితంగా నేర్పబోయేదానికి డబ్బు తీసుకోవడం ఏంటి? పరుగుకు, పుల్‌అప్స్‌కు, రాతపరీక్షకు తీసుకోండి, ఎవరూ కాదనరు.


మోడరేటర్ · సోమవారం మధ్యాహ్నం 1.40

ఇద్దరి వాదనా వచ్చింది. ఎయిర్‌గన్ చర్చ ఇక్కడితో ఆపండి. ఫీజుల గురించి వేరే టాపిక్ తెరవొచ్చు.


కావలి_క్యాడెట్ · సోమవారం సాయంత్రం 5.10

గ్రెనేడ్ గురించి ఎవరూ చెప్పలేదు. నాకు రైఫిల్ కంటే అదే భయం.


కొమరోలు_హవల్దార్ · సోమవారం సాయంత్రం 6.00

అందరికీ భయమే తల్లీ, నేర్పేవాడికి ఇంకా ఎక్కువ. ముందు డమ్మీలతో విసరడం. చేయి వంచకుండా పైనుంచి విసరాలి, క్రికెట్లో ఫీల్డర్ బంతి విసిరే పద్ధతి వద్దు. అసలుది చేతికిచ్చే రోజున గోతిలో కుర్రాడూ ఉస్తాదూ ఇద్దరే ఉంటారు. మా కాలంలో 36 నంబరు గ్రెనేడ్. పిన్ను లాగినా లివర్ పట్టుకున్నంతసేపూ ఏమీ కాదు, వదిలాక నాలుగు సెకన్లు. విసిరి ఎక్కడ పడిందో చూసుకుని తల దించాలి. భయంతో కాళ్ల దగ్గరే జారవిడిచేవాళ్లు ఉంటారని ఉస్తాద్ కళ్లు ఎప్పుడూ ఆ చేతి మీదే ఉంటాయి. ఇప్పుడు నాగపూర్‌లో చేసిన కొత్తరకం మల్టీమోడ్ గ్రెనేడ్లు వచ్చాయి. 2021 నుంచి ఇస్తున్నారు. పాతవాటికంటే నమ్మకంగా పేలతాయంటారు, నేను విసరలేదు.


సంగం_బ్యారేజీ · సోమవారం రాత్రి 9.15

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆర్డినెన్స్ అన్న చెప్పిన బల్బు పరీక్ష చేశాం. తమ్ముడిది కుడి కన్నే! రెండుసార్లు చేయించా, రెండుసార్లూ అదే. వాడి ముఖం వెలిగిపోయింది. నాది చూసుకుంటే ఎడమ కన్ను, నేనేమో కుడిచేతి వాటం. మా మేనమామ కూడా చేసుకున్నాడు, అలక తీరింది.

కోచింగ్‌కి కట్టట్లేదు. ఎయిర్‌గన్ కొనట్లేదు. వెళ్లడానికి ఇంకా కొన్ని వారాలుంది. ఈ లోపల ఇంట్లో ఏం చేయొచ్చు? ట్రంకు పెట్టె నెల్లూరులోనే కొనాలా?


కొమరోలు_హవల్దార్ · మంగళవారం ఉదయం 5.45

పుల్‌అప్స్ మానొద్దు. పడుకుని మోచేతుల మీద ఒళ్లు లేపి ఉంచే ప్లాంక్ రోజూ చేయమను, పొజిషన్‌కి అదే బలం. హిందీలో ఒకటి నుంచి వంద దాకా అంకెలు, కుడి ఎడమ, ముందు వెనక వచ్చి తీరాలి. రేంజి మీద 'రుక్ జా' అంటే ఆ క్షణాన ఆగాలి, అర్థం చేసుకుంటూ కూర్చునే టైమ్ ఉండదు. గిద్దలూరు, కొమరోలు వైపు కుర్రాళ్లకు ఇంట్లో ఎవరో ఒకరు మిలిటరీ వాళ్లుంటారు కాబట్టి ఈ మాటలు చిన్నప్పటి నుంచి వింటారు. మీవాడికి అది లేదు కాబట్టి యూట్యూబ్‌లో హిందీ వార్తలు పెట్టుకుని వినమను. కాల్ లెటర్లో రాసిన కాగితాలన్నీ ఒరిజినల్, రెండేసి జిరాక్సులు. రాత్రి తొమ్మిదికల్లా పడుకోవడం ఇప్పుడే అలవాటు చేయించు.


ఒంగోలు_ఆర్డినెన్స్ · మంగళవారం ఉదయం 7.20

ట్రంకు పెట్టె ఇక్కడి నుంచి మోయొద్దు. సెంటర్ గేటు బయట బజార్లో నల్లపెట్టెలు వరసగా పెట్టి అమ్ముతుంటారు, పేరూ నంబరూ కూడా వాళ్లే రాసిస్తారు. నంబరు వచ్చేది ఆడికి వెళ్లాకే కాబట్టి ముందే రాయించుకున్నా లాభం లేదు. రెండు మంచి తాళాలు మాత్రం నెల్లూరులోనే కొని పంపండి, ఆడ దొరికేవి నెల తిరక్కుండానే విరిగిపోతాయి.